ఇంటర్వ్యూకు ముందే కట్టిన ఫ్లెక్సీ

దిల్‌సుఖ్‌నగర్‌లో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలు నా వెనకాల నన్ను ‘మైనస్ వన్ మేడం’ అనేవారు. ఆ సంగతి నాకు తెలియదనుకునేవారు. ఎందుకు తెలియదు? మూడో అంతస్తు మెట్ల గోడ మీద పెన్సిల్‌తో రాసి, పక్కన నా కళ్లజోడు బొమ్మ కూడా వేశారు. బొమ్మ బాగానే కుదిరింది. అందుకే చెరిపించలేదు.

నేను చెప్పింది బోటనీ. లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లకు. ఇంటర్ అయిపోయి, మెడికల్ సీటు రాక, మళ్లీ ఏడాదంతా అదే పరీక్షకు కూర్చునే పిల్లలన్నమాట. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత, వదిలేస్తే సున్నా. నా ఉద్యోగమంతా ఈ లెక్క మీదే నడిచింది. ‘తెలియకపోతే ముట్టుకోకు’ అని రోజూ చెప్పేదాన్ని. క్లాసులో ఎవరైనా గుడ్డిగా జవాబు చెబితే సుద్దముక్క పైకెత్తి ‘మైనస్ వన్!’ అని అరిచేదాన్ని. మాది కృష్ణా జిల్లా. గొంతు తగ్గించి మాట్లాడడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు ఆ పరీక్షకు చదువుతున్న పిల్లలకు నా ఆఖరి ఏడాది ముచ్చట ఒకటి చెప్పాలనిపించింది. మా సెంటర్‌లో రిటైర్మెంట్ వయసంటూ రాసిపెట్టి లేదు. మోకాళ్లు ఎప్పుడు చెబితే అప్పుడే రిటైర్మెంట్. నా మోకాళ్లు ఆ ఏడాది చెప్పాయి. కౌన్సెలింగ్ సీజన్ అయ్యాక మానేద్దామని నాలో నేను అనుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది మా బ్యాచ్‌లో కిటికీ పక్క కూర్చునే అమ్మాయి ఒకతి ఉండేది. వాళ్లది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. నాన్న ఎల్బీనగర్‌లో ఒక మడిగె కిరాయికి తీసుకుని చీరల దుకాణం నడిపేవాడు. ఆమెకు అది రెండో లాంగ్‌టర్మ్. ‘ఇగ ఇదే ఆఖరు బిడ్డా, రాకుంటే డిగ్రీల చేరుడే’ అని ఆయన ముందే చెప్పేశాడు. మార్కులు ఎటూ కాకుండా వచ్చాయి. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో సీటు వస్తుందని చెప్పలేం, రాదనీ చెప్పలేం. అలాంటి సమయంలో ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.

వేరే రాష్ట్రంలో సైన్యం వాళ్లు నడిపే వైద్య కళాశాల ఒకటుంది. అక్కడ మార్కులు చూసి కొందరిని పిలుస్తారు, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, ఆ తర్వాతే సీటు. మన దగ్గర మెడికల్ సీటంటే కంప్యూటర్ ముందు కూర్చుని కాలేజీలను వరసలో పెట్టుకోవడమే. మనిషిని మనిషి చూసి సీటివ్వడమన్నది మా సెంటర్‌లో ఎవరికీ అనుభవంలో లేదు. మా డీన్ గారు మాత్రం తెగ సంబరపడిపోయారు. ఆయన గుంటూరు వైపు మనిషి. దేనికీ వెనక్కి తగ్గరు.

‘‘మన సెంటర్‌లో ఇంటర్వ్యూ ట్రైనింగ్ కూడా పెట్టేశామండీ మేడమ్ గారూ. మీరూ, జువాలజీ సారూ చూసుకోండి’’ అన్నారు.

జువాలజీ సారుది నల్లగొండ. స్టాఫ్‌రూమ్‌లో ఏళ్ల తరబడి నా పక్క కుర్చీ. నా నోటికి భయపడని మనిషి ఆ సెంటర్‌లో ఆయనొక్కడే. మాక్ ఇంటర్వ్యూ రోజున ఎవరి దగ్గరో టై అడిగి కట్టుకొచ్చాడు. నేను పెళ్లిళ్లకు కట్టే పట్టుచీర కట్టుకున్నాను. డీన్ గారు మధ్య కుర్చీలో ఛైర్మన్ అవతారమెత్తారు. ఆ అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది.

‘‘డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావు?’’ అని ఇంగ్లీషులో అడిగాను.

ఫ్యాను తిరుగుతోంది, ఆ పిల్ల ఫ్యానును చూస్తోంది.

‘‘బిడ్డా, మేడం అడిగింది వినవడ్డదా?’’ అన్నాడు జువాలజీ సారు.

‘‘వినవడ్డది సర్.’’

‘‘మరి చెప్పు.’’

‘‘ఆప్షన్స్ ఉంటయా సర్?’’

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీ ఊరి గురించి చెప్పమన్నాం, మళ్లీ ఫ్యాను చూసింది. నీకు నచ్చని పని ఏమిటన్నాం, గోళ్లు కొరికింది. చివరికి జువాలజీ సారు విసుగెత్తి గుండెకు గదులెన్ని అని అడిగితే ‘నాలుగు’ అని తుపాకీ పేలినట్టు చెప్పింది.

అందరూ వెళ్లాక పిల్లను ఆపాను. ‘‘బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంటే? నోరు లేదా నీకు?’’

‘‘పక్కా తెల్వదు మేడం. తప్పు చెప్తె కట్ అయితది గద. తెల్వకుంటె ముట్టుకోవద్దని మీరే చెప్పిన్రు.’’

‘‘నువ్వెందుకు డాక్టరవ్వాలో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?’’

‘‘గదే మేడం. నాకు తోచింది ఒకటుంది. గది కరెక్ట్ ఆన్సరో కాదో తెలుస్తలేదు.’’

తలుపు దగ్గర నిలబడి వింటున్న జువాలజీ సారు కడుపు పట్టుకుని నవ్వాడు. ‘‘మేడం, చెట్టు పెట్టింది మీరే. ఇప్పుడు కాయలు చేదున్నయంటె ఎట్ల?’’

నాకు ఒళ్లు మండింది. మండినా ఆయన మాటలో అబద్ధం లేదు. డీన్ గారు మాత్రం కంగారు పడలేదు. సమాజ సేవ, పేద ప్రజలు, దేశభక్తి అన్నీ కలిపి ఎక్కడినుంచో జవాబులు దించుకొచ్చి పిల్లచేత బట్టీ పట్టించారు. మర్నాడు ఆమె వాటిని అప్పజెబుతుంటే మెట్రోలో తదుపరి స్టేషన్ ప్రకటన విన్నట్టే ఉంది.

అసలు ముప్పు ఆ తర్వాత వచ్చింది. ఒకరోజు పొద్దున షేర్ ఆటో దిగి మా సెంటర్ సందు మొదట్లోకి వచ్చేసరికి, మెట్రో పిల్లర్ పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో ఈ అమ్మాయి. హాల్ టికెట్ మీది బిత్తరచూపుల ఫోటోనే గోడంత పెద్దది చేసి, మెడలో స్టెతస్కోప్ అతికించారు. ‘సైనిక వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ సీటు సాధించిన మా ఆణిముత్యానికి అభినందనలు’ అని పెద్దక్షరాల్లో రాయించారు. ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. రైలు టికెట్ కూడా తీసుకోలేదు.

మూడంతస్తులూ ఆగకుండా ఎక్కాను. మోకాళ్లు ఆ రోజు గుర్తు రాలేదు.

‘‘ఏంటండీ ఇది? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు!’’

‘‘సీటు ఖాయమే కదండీ మేడమ్ గారూ’’ అన్నారు డీన్ గారు చల్లగా. ‘‘అడ్మిషన్ల సీజను. పక్క సందు వాళ్లు ఇలాంటిది ఏదన్నా ముందు వేశారంటే మనం వెనకబడిపోతాం. రేపు వేసేది ఇవాళ వేశాం, అంతే కదా.’’

‘‘రాకపోతే?’’

‘‘శుభమా అని వేస్తే అపశకునం మాటలెందుకండీ?’’

ఆ మనిషితో మాట్లాడడం కన్నా గోడతో మాట్లాడడం నయమనిపించింది. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల ఫీజుల విషయంలో ఎందరికో సర్దిపెట్టిన మనిషే. కానీ ఆ ఊళ్లో అందరికీ ఉన్న జబ్బే ఆయనకూ ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్సీ ఎక్కనిది నిజం కాదు, ఎక్కింది అబద్ధం కాదు.

ఆ రోజు అమ్మాయి ఇంటర్వ్యూ ట్రైనింగ్‌కు రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోన్ తియ్యలేదు. సాయంత్రం నేనే ఎల్బీనగర్ వెళ్లి, చౌరస్తా దాటి, అడుగుతూ అడుగుతూ ఆ దుకాణం పట్టుకున్నాను. నాలుగు చీవాట్లు పెట్టి సెంటర్‌కు లాక్కొద్దామని వెళ్లినదాన్ని, గడప బయటే ఆగిపోయాను.

తెల్లటి పరుపు మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. చుట్టూ చీరలు. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు.

‘‘రంగు పోతుందా అమ్మాయ్?’’ అని అడిగిందొకావిడ. మాట చూస్తే మా వైపు మనిషే.

‘‘మొదటిసారి ఉతికినప్పుడు జర ఇడుస్తది ఆంటీ. ఉప్పు నీళ్లల్ల నానవెట్టుండ్రి, తర్వాత పోదు. పోతదని ముందే చెప్తున్న, మళ్ల నన్ను తిట్టొద్దు.’’

‘‘ఈ పట్టు ఎక్కడిది?’’

‘‘గది నాకు తెల్వదు ఆంటీ. నాయినా! గీ పట్టు ఏడికెళ్లి తెచ్చినవ్?’’

‘నాకు తెల్వదు.’ ఎంత తేలిగ్గా అంది! ఫ్యాను చూడలేదు, గోళ్లు కొరకలేదు. ఆవిడ నవ్వి రెండు చీరలు పక్కన పెట్టించుకుంది. రెండేళ్లు నా క్లాసులో కూర్చున్న పిల్ల గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే.

గిరాకీ వెళ్లాక నన్ను చూసి లేచి నిలబడింది. మళ్లీ బెల్లం కొట్టిన రాయి. వాళ్ల నాన్న గాభరాగా కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. అసలు సంగతి ఆయనే మొదలుపెట్టాడు.

‘‘ఆ ఫ్లెక్సీతోని మస్తు పరేషాన్ అయితున్నది మేడం. ఎవరో ఫోటో తీసి ఊరికి పంపిన్రు. మా పాలోళ్లు, సుట్టాలంత లడ్డూలు పట్టుకొని వచ్చిన్రు. ఇంక ఇంటర్వ్యూనే కాలేదంటె నమ్ముతలేరు. దావత్ తప్పించుకుంటున్నవా అంటున్నరు.’’ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ‘‘రేపు రాకుంటె బిడ్డ మొకం ఎట్ల ఎత్తుకుంటది? సీటు పోతె పోయింది. బిడ్డ ఇప్పటిసందే అన్నం సక్కగ తింటలేదు.’’

ఆ మాటకు నా కోపమంతా ఎటో పోయింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, ‘‘ఇక్కడ ఇంత బాగా మాట్లాడుతున్నావు కదే. అక్కడ ఏమైంది?’’

‘‘ఈడ గిరాకీ ముంగట ఊకుంటె నాయిన ఊకోడు మేడం’’ అంది నేల చూస్తూ. ‘‘ఆడ మాట్లాడితె మీరు ఊకోరు.’’

వాళ్ల నాన్న గతుక్కుమని ‘‘ఏయ్, మేడంతోని గట్లనా మాట్లాడేది?’’ అన్నాడు. నేను మాత్రం పగలబడి నవ్వాను. ఆ పిల్లా నవ్వింది.

ఆ మర్నాటి నుంచి మా మాక్ ఇంటర్వ్యూలు చీరల దుకాణానికి మారాయి. మధ్యాహ్నం గిరాకీ పల్చగా ఉండే వేళ నేనూ, జువాలజీ సారూ వెళ్లి పరుపు మీద కూర్చునేవాళ్లం. ఆయన పక్కా బేరగాడిలా చీరలన్నీ విప్పించి, మధ్యలో ఒక ప్రశ్న విసిరేవాడు. ‘‘గీ అంచు బాగలేదు బిడ్డా. గిదేంది? సరేగని, సైన్యంల దూరప్రాంతానికి పంపితె పోతవా?’’ చేతిలో చీర ఉంటే ఆ పిల్లకు మాట వచ్చేది. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. నేనేమో నోరు అదుపులో పెట్టుకుని కూర్చునేదాన్ని. రెండుసార్లు ‘మైనస్’ అన్నంతవరకూ వచ్చి, సారు చూసిన చూపుకు మింగేశాను. ఆయన విప్పించిన చీరల్లో ఒకటి వాళ్లావిడకు కొనక తప్పలేదు.

ఒకరోజు ఆమె చీర మడతపెడుతుంటే మళ్లీ ఆ మొదటి ప్రశ్నే అడిగాను. డాక్టర్ ఎందుకు?

‘‘పక్కా తెల్వదు మేడం’’ అంది. ఈసారి ఆగిపోలేదు. ‘‘చిన్నప్పుడు మా నానమ్మతోని దవాఖానకు పోయేదాన్ని. డాక్టరమ్మ ఏందో చెప్పేది. నానమ్మకు సమజయ్యేది గాదు, ఊకెనే తల ఊపేది. బయటికొచ్చినంక నేను మళ్ల అంత చెప్పేదాన్ని. ఏ గోలి పొద్దున, ఏ గోలి రాత్రికి, ఎందుకు ఎయ్యాలె. నానమ్మ మొకం జర తేటపడేది. గది నాకు మంచిగనిపించేది. గంతే. గిది ఆన్సరేనా మేడం?’’

‘‘అదే ఆన్సరు తల్లీ’’ అన్నాను.

తండ్రీ కూతుళ్లు రైలెక్కి వెళ్లొచ్చారు. వచ్చిన రోజే పిల్ల నేరుగా స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. బల్ల అవతల పెద్ద పెద్ద ఆఫీసర్లు కూర్చున్నారట. తెలిసినవి చెప్పిందట. తెలియని చోట ‘తెలియదు సర్’ అందట, గొంతు వణక్కుండా. చివర్లో ఒక పెద్దాయన, సెలెక్ట్ కాకపోతే ఏం చేస్తావని అడిగాడట.

‘‘నువ్వేమన్నావు?’’

‘‘మా దిల్‌సుఖ్‌నగర్‌ల నన్ను ఇప్పటికే సెలెక్ట్ చేసిన్రు సర్, మెడల స్టెతస్కోప్ ఏసి ఫ్లెక్సీ కూడ కట్టిన్రు, మీదే లేటు అన్న. అందరు నవ్విన్రు. సీటు రాకముందే వాళ్లెందుకు కట్టిన్రని అడిగిన్రు. గది నాకు తెల్వదు సర్, మా డీన్ సర్‌ని అడగాలె అన్న. గా స్టెతస్కోప్ నీదేనా అన్నరు. కాదు సర్, ప్రింటింగ్ షాపోళ్లది అన్న.’’

స్టాఫ్‌రూమంతా గొల్లుమంది. డీన్ గారు కూడా నవ్వారు. ఆయనకు అదీ గొప్పగానే అనిపించింది, మన సెంటర్ ప్రస్తావన అక్కడిదాకా వెళ్లిందని.

ఫలితాలొచ్చాయి. అందులో ఆమె లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. వచ్చినవాళ్లందరూ మంచి పిల్లలే అయ్యుంటారు. ‘‘అందర్ని నవ్విచ్చింది, సీటు మాత్రం ఇయ్యలే’’ అన్నాడు జువాలజీ సారు. ఆ రోజు ఆయన టిఫిన్ డబ్బా విప్పలేదు.

మర్నాడు పొద్దున పిల్ల కంట పడకముందే ఫ్లెక్సీ దింపేద్దామని ఇద్దరం అనుకున్నాం. డీన్ గారికి చెప్పలేదు. బస్సులింకా నిండని వేళకు వెళ్లాం. మాకన్నా ముందే వాళ్లున్నారు అక్కడ. నాన్న స్టూలెక్కి చీరల కత్తెరతో తాళ్లు తెంపుతున్నాడు. కూతురు స్టూలు కదలకుండా పట్టుకుంది. ఫ్లెక్సీ కింద పడ్డాక ఇద్దరూ చెరో అంచు పట్టుకుని, దులిపి, చీర మడతపెట్టినట్టే కొసకు కొస కలిపి మడతపెట్టసాగారు.

‘‘మొకం మీద మడత పడకుంట మడువు నాయినా’’ అందా పిల్ల.

‘‘పడకుంటనే మడుస్తున్న బిడ్డా’’ అన్నాడాయన. మా వైపు తిరిగి, ‘‘ఊర్ల మా అన్న మగ్గం ఇల్లు వానకు కారుతున్నది మేడం. దీన్ని కప్పుతం. చెత్తల ఏసుడెందుకు?’’ అన్నాడు.

జువాలజీ సారు వెళ్లి మూడో అంచు పట్టుకున్నాడు. నేను నిలబడిపోయాను. అంత నోరున్నదాన్ని, ఆ పిల్లకు ఒక్క మాట చెప్పలేకపోయాను. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. తెలియదని కూడా అనలేక ఊరుకున్నాను.

తర్వాత రాష్ట్ర కౌన్సెలింగ్ మొదలైంది. మొదటి విడతలో రాలేదు, రెండో విడతలో రాలేదు. ఆ రోజుల్లో దుకాణం ముందు నుంచి వెళ్లాలన్నా నాకు బెరుకే. అన్ని ఆశలూ ఆవిరయ్యాక, ఆఖరి విడతలో ఒక దూరపు జిల్లాలో కొత్తగా పెట్టిన ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటొచ్చింది. వాళ్ల నాన్న ఫోన్‌లో ఏడుస్తూనే చెప్పాడు. నేనూ ఏడ్చాను. ఇందులో దాచుకోవడానికేముంది?

డీన్ గారు వెంటనే ఫోటో అడిగారు. ఈసారి సీటు నిజమే కదా మరి.

‘‘ఫ్లెక్సీ వద్దు సర్’’ అంది పిల్ల. ‘‘ఒక్కటే అడుగుత. కొత్త బ్యాచ్‌తోని జరసేపు మాట్లాడనియ్యుండ్రి.’’

అది మా సెంటర్ ఆనవాయితీ. సీటొచ్చిన పిల్లను వేదికెక్కించి, దండ వేసి, రోజుకు ఎంత తక్కువ నిద్రపోయిందో చెప్పిస్తారు. కొత్త పిల్లలు చప్పట్లు కొట్టి ఆ రాత్రి నుంచి నిద్ర మానేస్తారు. డీన్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు.

మా బ్యాచ్ క్లాసులు జరిగే హాలే అది, నిండుగా ఉంది. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆ పిల్ల దండ తీసి బల్ల మీద పెట్టి మైకు అందుకుంది.

‘‘నేను మంచిగనే నిద్రపోయిన’’ అని మొదలుపెట్టింది. డీన్ గారి ముఖం చూడాల్సిందే. ‘‘ఒక ఇంటర్వ్యూల ఫెయిలైన. గా ముచ్చట చెప్త’’ అంటూ ఫ్యాను సంగతీ, ఆప్షన్స్ సంగతీ, ఫ్లెక్సీ సంగతీ అన్నీ చెప్పింది. పిల్లలు విరగబడి నవ్వారు. అప్పుడంది: ‘‘పరీక్షల తెల్వకుంటె ఒదిలిపెట్టుండ్రి. మన మేడం చెప్పింది కరెక్టే. కని ఈ హాల్ల గట్ల ఒద్దు. ఇప్పుడు ఒక్కొక్కరు లేసి, మీకు తెల్వనిది ఒకటి గట్టిగ చెప్పుండ్రి.’’

ఒక్కరూ లేవలేదు. పిల్లలు వరసలు వరసలుగా తలలు వంచుకున్నారు. వాళ్ల నోటికి ఆ తాళం వేసిన చేతుల్లో నావీ ఉన్నాయి. డీన్ గారు గడియారం చూసుకున్నారు. వేదిక మీద ఆ పిల్ల ఎదురుచూస్తోంది. నవ్వు చెరగలేదు గానీ మైకును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

ఫ్లెక్సీ దింపిన రోజు ఆమె ముందు నోరు మెదపకుండా నిలబడ్డాను. రెండోసారి అలా నిలబడడం నావల్ల కాలేదు. బెంచీ పట్టుకుని లేచాను.

‘‘రేపట్నుంచి నేను క్లాసులకు రావడం లేదు’’ అన్నాను. జువాలజీ సారు ఉలిక్కిపడి నా వైపు చూశాడు. ‘‘ఇన్నేళ్లూ పొద్దున్నే లేచి ఇక్కడికి రావడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. రేపు లేచి ఏం చెయ్యాలో నాకు తెలియదు.’’

నా ముందు బెంచీలో కొత్త బ్యాచ్ అమ్మాయి ఒకతి నెమ్మదిగా లేచి వెనక్కి తిరిగింది.

‘‘నాకు ఫొటోసింథసిస్ తెల్వదు మేడం’’ అంది. ‘‘ఇంటర్‌ల కూడ అర్థం కాలే. భయానికి అడగలే.’’

‘‘నాకూ తెల్వదు మేడం’’ అన్నారెవరో పక్కనుంచి. ఆ వెనక ఇంకొకరు. చేతులు ఒకటొకటిగా లేస్తూనే ఉన్నాయి.

అలవాటుకొద్దీ నా కుడిచెయ్యి సుద్దముక్క పట్టినట్టే పైకి లేచింది. దాన్ని దించుకుని, మెల్లగా నడుస్తూ వేదిక దగ్గరికి వెళ్లాను. వేదిక మీది పిల్ల మైకు నా చేతికిచ్చి కిందికి దిగి, వెళ్లి కిటికీ పక్క తన పాత చోట్లో కూర్చుంది. బోర్డు మీద ఒక ఆకు బొమ్మ గీసి, ఫొటోసింథసిస్ మొదటి నుంచి చెప్పాను. అదే నా ఆఖరి క్లాసు.